కోతుల దారులు లెక్కపెట్టారు, మన డోలీ దారులు ఎవరు లెక్కపెడతారు?



రాయపూర్ నుంచి విశాఖపట్నం దాకా 464 కిలోమీటర్ల ఆరు లైన్ల కొత్త రోడ్డు మన కొండల పక్కనుంచే పోతోంది. ఛత్తీస్‌గఢ్‌లో ధమ్తరి, కాంకేర్, కొండగావ్, ఒడిశాలో నవరంగ్‌పూర్, కొరాపుట్ దాటి, ఆలూరు దగ్గర ఆంధ్రాలోకి దిగి, జక్కువ, కొర్లాం, కంటకాపల్లి మీదుగా సబ్బవరం చేరుతుంది. కంటకాపల్లి అంటే మన కొత్తవలస మండలమే. ఆంధ్ర భాగానికి 2022 నవంబర్ 12న విశాఖలో ప్రధాని శంకుస్థాపన చేశారు. ఈ పేర్లు ఇంకోసారి చదవండి. దారి పొడవునా చాలా చోట్ల మనోళ్ల ఊళ్లే.

ఇది ఉత్త రోడ్డు కాదట, తెలివైన రోడ్డట. ఇప్పుడు కడుతున్న హైస్పీడ్ రోడ్ల మీద ఏటీఎంఎస్ అనే ట్రాఫిక్ వ్యవస్థ పెడుతున్నారు. దాని కోసం జాతీయ రహదారుల సంస్థ 2023లో కొత్త పాలసీ కూడా తెచ్చింది. కెమెరాలు రోడ్డుని రాత్రీపగలూ చూస్తుంటాయి. లారీ ఆగిపోతే కంట్రోల్ రూంలో తెలిసిపోద్ది. ముందు యాక్సిడెంట్ అయితే వెనక వచ్చేవాడికి ఎలక్ట్రానిక్ బోర్డు మీద హెచ్చరిక వస్తుంది. 1033కి ఫోన్ చేస్తే అంబులెన్స్, క్రేన్ వస్తాయి. ఫాస్టాగ్‌తో టోల్ దానంతటదే కట్ అవుతుంది. దీనికంతటికీ పెట్టిన పేరు ‘ఇంటిగ్రేటెడ్’. అంటే అన్నీ ఒకదానితో ఒకటి కలిసి పనిచేసేవి అని.

బాగుంది. లారీకి ఇదంతా కావాలి, కాదనం. మన ప్రశ్న ఒక్కటే. రాయపూర్‌లో బయల్దేరిన లారీ ఏ నిమిషానికి ఎక్కడుందో తెలిసే ఈ వ్యవస్థకి, ఆ రోడ్డుకి కనిపించే దూరంలో కొండ మీంచి డోలీలో దిగుతున్న గర్భిణి ఎక్కడుందో తెలుస్తుందా? తెలియకపోతే అది ఎవరితో ‘ఇంటిగ్రేట్’ అయినట్టు?

డోలీ దిగే దారిని ఒకసారి ఆఫీసుల లెక్కన చూడండి. కొండ రోడ్డు పంచాయతీరాజ్ వాళ్లది. ఆ రోడ్డు పోయే అడవి అటవీశాఖది. ఫోన్ సిగ్నల్ టెలికాం వాళ్లది. 108 వైద్యశాఖది. కింద హైవే ఢిల్లీది. మనిషి ప్రాణం ఒకటే, ఆఫీసులు అయిదు. ఒకరి దగ్గరికి వెళ్తే ఇంకొకరిని చూపిస్తారు. సరుకు విషయానికొస్తే మాత్రం 2021 అక్టోబర్‌లో ‘గతిశక్తి’ పేరుతో శాఖలన్నిటినీ ఒకే మ్యాపు మీదకి తెచ్చారు. సరుకు కోసం కలిసిన శాఖలు మనిషి కోసం ఎందుకు కలవవు? నా దృష్టిలో అసలు గొడవ ఇదే.

‘అంత చిన్న చిన్న దారులు ప్లానులో ఎలా పెడతాం’ అంటారు. పెట్టగలరు. ఇదే కారిడార్‌లో, ఛత్తీస్‌గఢ్ వైపు ఉదంతి అభయారణ్యం ప్రాంతంలో 2.8 కిలోమీటర్ల సొరంగం, జంతువులు దాటడానికి 27 దారులు, కోతులు దాటడానికి 17 పైవంతెనలు ప్రతిపాదించారు. మంచి పని. అడవిలో పుట్టినవాళ్లం, కోతికి దారి ఇస్తే మనకి కుళ్లు ఎందుకు? కానీ కోతి ఏ కొమ్మ మీంచి ఏ కొమ్మకి దూకుతుందో లెక్క తీసిన ఇంజినీరుకి, శృంగవరపుకోట, వేపాడ, గంట్యాడ, మెంటాడ కొండల మీంచి మనోళ్లు చింతపండు, చీపుర్లు, అడ్డాకులు మోసుకుని సంతకి ఏ దారిన దిగుతారో లెక్క తీయడం కష్టమా? చేతకాక కాదు, అడిగినవాళ్లు లేక. జంతువుల కోసం అడగడానికి ఒక చట్టం ఉంది, ఒక బోర్డు ఉంది. మన కోసం అడగాల్సింది మన గ్రామసభ. ఆ గ్రామసభనే పక్కన పెట్టారు.

ఎలా పక్కన పెట్టారో తెలుసుకోండి. హైవేకి భూమి తీసుకునేది 1956 నాటి జాతీయ రహదారుల చట్టం కింద. 2013 భూసేకరణ చట్టంలోని సామాజిక ప్రభావ అంచనా దానికి వర్తించదు. పరిహారం, పునరావాసం నిబంధనలు మాత్రమే 2015 నుంచి వర్తింపజేశారు. అటవీ భూమి విషయంలో, 2013 ఫిబ్రవరి 5న కేంద్ర పర్యావరణ శాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. రోడ్లు, కాలువలు, కరెంటు లైన్ల లాంటి పొడవాటి ప్రాజెక్టులకి గ్రామసభ సమ్మతి అక్కర్లేదని. అందులోనే ఒక మినహాయింపు ఉంది. ఆదిమ గిరిజన తెగల గుర్తించిన హక్కులు దెబ్బతినే చోట ఆ సడలింపు లేదు. మన రాష్ట్రంలో గుటోబ్ గదబ, బోడో గదబ, కొండ సవర ఆ జాబితాలో ఉన్నవాళ్లే. ఈ ఒక్క వాక్యం ఎంతమందికి తెలుసు? పైగా మన వైపు చాలా గూడేలు ఐదో షెడ్యూల్ బయటే ఉండిపోయాయి. కొండ మనదే, తెగ మనదే, కాగితం మీద మాత్రం మైదానం. 1/70 లేదు, పీసా లేదు. షెడ్యూల్‌లో చేర్చండని ఏళ్ల తరబడి అడుగుతున్నాం. కారిడార్ మాత్రం మన కోసం ఆగలేదు.

‘రోడ్డొస్తే అభివృద్ధి అదే వస్తుంది’ అనేవాళ్లకి కొత్తవలస జంక్షనే జవాబు. ఇక్కడినుంచి కిరండోల్ లైను ఎందుకు వేశారు? 1960లో జపాన్‌తో ఒప్పందం చేసుకుని, బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించడానికి. ఆ లైను మన కొండల్ని తొలుచుకుంటూ పోయింది. ఖనిజం దిగింది, రేవు పెరిగింది. ఏటి మనకొచ్చింది? అరవై ఏళ్ల తర్వాత కూడా అనంతగిరి కొండల్లో రోడ్డు లేని గూడేలున్నాయి. 2017లో ఆ పాసింజరుకి టూరిస్టుల కోసం అద్దాల బోగీ తగిలించారు. మన ఇళ్లని అద్దంలోంచి చూసే ఏర్పాటు అయ్యింది, మన ఇంటికి అంబులెన్స్ వచ్చే ఏర్పాటు అవ్వలేదు. ఎవరి కోసం ప్లాను గీస్తే వాళ్లకే పనికొస్తుంది. మనం ప్లానులో లేకపోతే రోడ్డు మన పక్కనుంచి పోతుంది, మన దగ్గరికి రాదు.

ఇలాంటి రోడ్లకి కంచె కూడా ఉంటుంది. ఎక్కడ పడితే అక్కడ ఎక్కలేం, దాటలేం. బెంగళూరు-మైసూరు రోడ్డు మెయిన్ లైన్ల మీద 2023 ఆగస్టు 1 నుంచి బైకులు, ఆటోలు, ట్రాక్టర్లు నిషేధించారు. స్పీడు రోడ్డు మీద ప్రాణాలు కాపాడటానికే అన్నారు, నిజమే కావచ్చు. మరి మన ఊళ్లో ఉన్న బండ్లు ఏవి? బైకు, ఆటో, ట్రాక్టరే కదా! మన దగ్గరా అదే రూలు వస్తే, పక్కన సర్వీసు రోడ్డు తెగకుండా లేకపోతే, కింద అండర్‌పాస్ సరైన చోట లేకపోతే, నిన్నటిదాకా పది నిమిషాల్లో దాటిన దారికి రేపు కిలోమీటర్లు చుట్టు తిరగాలి. డోలీలో ఉన్న మనిషికి ఆ చుట్టు ఏంటో మీకు నేను చెప్పక్కర్లేదు.

మిషన్ పెడితే చాలు, అంతా సేఫ్ అనుకోవద్దు. 2023 అక్టోబర్ 29 సాయంత్రం ఇదే కంటకాపల్లి, అలమండ మధ్య, పలాస పాసింజరుని వెనకనుంచి రాయగడ పాసింజర్ గుద్దింది. పదిమందికి పైగా చనిపోయారు. పోయినవాళ్లు ఏసీ బోగీల వాళ్లు కాదు, పాసింజరెక్కే జనం. ఆ సెక్షన్‌లో ఆటోమేటిక్ సిగ్నళ్లు ఆ రోజు పాడై ఉన్నాయి. తొలి విచారణ తప్పుని చనిపోయిన లోకో పైలట్, అసిస్టెంట్ మీద పెట్టింది. సిగ్నల్ ఎంత తెలివైనదైనా, అది పాడైన రోజు ఎవరు జవాబు చెప్పాలో ముందే రాసి ఉండాలి. లేకపోతే పోయినవాళ్లే నేరస్తులవుతారు.

‘ప్రభుత్వం కొండలకి రోడ్లు వేస్తోంది కదా’ అని కూడా అంటారు. 2025 ఏప్రిల్ 7న డుంబ్రిగుడ మండలం పెదపాడులో ‘అడవి తల్లి బాట’ మొదలుపెట్టారు. సంతోషం. పడిన ప్రతి రోడ్డూ మన పోరాటం ఫలితమే. కానీ ఆ బాట కొండ దిగి ఎక్కడ ఆగుతుంది? కింద కారిడార్ సర్వీసు రోడ్డుకి కలుస్తుందా, కంచె దగ్గర ఆగిపోతుందా? రెండు ప్లాన్లూ ఒకే టేబుల్ మీద పెట్టి చూడాలి.

అందుకే మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి.

1. కారిడార్ పక్క ప్రతి గూడెంలో గ్రామసభ పెట్టి డోలీ దారి, సంత దారి, పశువుల దారి, గెడ్డలు, శ్మశానాలు మ్యాపులో గుర్తించాలి. దాటే చోట్లు ఎక్కడో తెలుగులో రాసి పంచాయతీ బోర్డు మీద అంటించాలి.

2. ఆటో, ట్రాక్టరు నడిచే సర్వీసు రోడ్డు తెగకుండా ఉండాలి. కొండ రోడ్లన్నీ దానికి కలపాలి.

3. కంట్రోల్ రూంని 108తో, మన పీహెచ్‌సీలతో కలపాలి. హైవే అంబులెన్స్ హైవే మీద పడినవాడికే కాదు, హైవే దాకా మోసుకొచ్చిన మనిషికీ రావాలి. దాని కోసం కంచెలో ఎమర్జెన్సీ గేట్లు ఉండాలి.

4. రోడ్డు పక్కన ఫైబర్ కేబుల్ వేస్తే, దాన్నుంచి పక్క గూడేలకి లైను ఇవ్వాలి. సిగ్నల్ లేని ఊరికి ఏ హెల్ప్‌లైన్ నంబరూ పనికిరాదు.

5. కంట్రోల్ రూం ఆపరేటర్లుగా, టెక్నీషియన్లుగా ఆదివాసీ యువతకి శిక్షణ, ఉద్యోగాలు ఇవ్వాలి. టోల్ గేటు దగ్గర వాచ్‌మన్ పోస్టులు చూపించి సరిపెట్టడం కుదరదు.

6. అటవీ హక్కుల క్లెయిములు తేల్చాకే మిగిలిన అటవీ భూమి మాట ఎత్తాలి. షెడ్యూల్ బయట ఉన్న గూడేలని షెడ్యూల్‌లో చేర్చాలి.

తమ్ముడూ, చెల్లీ, ఇది చదివి లైక్ కొట్టి ఊరుకోవద్దు. మీ చేతిలో ఫోన్ ఉంది. మీ ఊరి పెద్దోళ్లతో కలిసి డోలీ దారి నడవండి, జీపీఎస్‌లో గుర్తు పెట్టండి, దారికి పెద్దోళ్లు పిలిచే పేరే రాయండి. పది రూపాయల ఆర్టీఐ వేసి మీ ఊరి దగ్గర అండర్‌పాస్‌లు, సర్వీసు రోడ్డు, ఎగ్జిట్లు ఎక్కడున్నాయో డ్రాయింగులు అడగండి. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ రెండు మ్యాపులూ పక్కపక్కన పెట్టి గ్రామసభలో తీర్మానం రాయండి. కలెక్టరాఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి. రసీదు లేని వినతి గాలిలో కలిసిపోద్ది.

కెమెరా స్తంభాన్ని రేపు జరపొచ్చు. కాంక్రీటు గోడలో వదలని దారిని మళ్లీ తియ్యడం ఎవరి తరమూ కాదు. అడగాల్సింది ఇప్పుడే.

మన దారులు మ్యాపులోకి రావాలి! గ్రామసభ మాటే చెల్లాలి!

జై ఆదివాసీ!