పంపే ముందు, తిరిగి వచ్చే దారి

పదో తరగతి ఫలితాలు రాగానే మన సంఘాల్లో ప్రార్థన మనవులు పెరుగుతాయి. "మంచి కాలేజీలో సీటు రావాలి" అని రాసిస్తాం. "పంపాలా వద్దా, ప్రభువు చూపించాలి" అని రాసేవారు తక్కువ. ఆ నిర్ణయం అప్పటికే జరిగిపోయి ఉంటుంది: విజయవాడ, హైదరాబాదు, విశాఖ, లేదంటే రాజస్థాన్‌లోని కోటా. వెళ్లేది పదిహేను, పదహారేళ్ల పిల్లలు.

విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023లో మరణించిన 17 ఏళ్ల విద్యార్థిని కేసులో, 2025 జూలై 25న సుప్రీంకోర్టు 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న చోట అర్హతగల కౌన్సెలర్ ఉండాలి. మార్కులను బట్టి పిల్లలను బ్యాచ్‌లుగా విడదీయకూడదు. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల్లో 2022లో ఆత్మహత్య చేసుకున్న విద్యార్థులు 13,044 మంది. సమస్య ఒక కాలేజీదో, ఒక ఊరిదో కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

అయినా పంపడమే తప్పు అని మనం అనలేం. మన పెద్దల్లో ఎందరో ఊరు విడిచి మిషన్ హాస్టళ్లలో చదువుకున్నవారే. మండలంలో సైన్సు చెప్పే మంచి కాలేజీ లేకపోతే, కూలి చేసి చదివించే తల్లిదండ్రులు మరేం చేస్తారు?

హన్నాను చూడండి. సమూయేలును షిలోహులో విడిచింది. అది దేవుని మందిరమే, కానీ అక్కడ ఏలీ కుమారులు దుర్మార్గులు. స్థలం మంచిదని పేరుంటే సరిపోదు. హన్నా మాత్రం ఏటేటా ఒక చిన్న అంగీ కుట్టి తీసుకెళ్లేది (1 సమూయేలు 2:19). అంగీ కుట్టాలంటే బిడ్డ ఎంత ఎదిగాడో తెలియాలి. మనకు వారం వారం వచ్చే పరీక్ష మార్కులు తెలుస్తున్నాయి. బిడ్డ నిద్రపోతున్నాడా, తింటున్నాడా, ఎవరితోనైనా మనసువిప్పి మాట్లాడుతున్నాడా?

కాబట్టి ఫీజు కట్టే ముందు బిడ్డను విడిగా కూర్చోబెట్టుకుని అడగండి, జవాబు వినండి. హాస్టల్ గదిని స్వయంగా చూడండి. కౌన్సెలర్ ఎవరో అడగండి. మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారో రాతపూర్వకంగా తీసుకోండి; మిగిలిన కాలానికి ఫీజు, హాస్టల్ ఖర్చు పది రోజుల్లో తిరిగివ్వాలని 2024 జనవరిలో కేంద్రం కోచింగ్ కేంద్రాలకు ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ ఊళ్లోని సంఘ కాపరికి మీ బిడ్డ పేరు చెప్పండి. అన్నిటికంటే ముఖ్యంగా, బస్సెక్కించే రోజున "నీవల్ల కాకపోతే వచ్చెయ్ నాన్నా, ఏమీ అనం" అని చెప్పండి. కట్టిన లక్షలు గుర్తొచ్చి ఇంటికి ఫోను చేయలేని బిడ్డలు ఉన్నారు.

సంఘానికీ ఒక మాట. మధ్యలో తిరిగొచ్చిన బిడ్డ ఆదివారం ఆరాధనకు వస్తే, "ఏం, అక్కడ చదవలేకపోయావా?" అని గుమ్మం దగ్గరే అడగకండి. పక్కన చోటిచ్చి కూర్చోబెట్టుకోండి. ఎవరి బిడ్డయినా దిగులుతో ఉంటే ప్రార్థనతోపాటు టెలీ మానస్ 14416కు ఫోను చేయించండి.