తొమ్మిదో షెడ్యూలులో పెడితే సరిపోతుందా?

బీసీలకు 42 శాతం రిజర్వేషన్ల బిల్లులను రాజ్యాంగంలోని తొమ్మిదో షెడ్యూలులో చేర్చాలన్న డిమాండు 2025 పొడవునా తెలంగాణలో వినిపించింది. ఒకసారి చేర్చేస్తే ఇక కోర్టులు జోక్యం చేసుకోలేవన్నది ఆ డిమాండు వెనకున్న నమ్మకం. దానికి 2007లోనే కాలం చెల్లింది.

ఆ షెడ్యూలు పుట్టుకతో గోపాల్‌పేటకూ సంబంధం ఉంది. గద్వాల, వనపర్తి, కొల్లాపూర్, ఆత్మకూరుల్లాగే గోపాల్‌పేట కూడా నిజాం ఏలుబడిలో ఒక సంస్థానం. 1949లో హైదరాబాద్ జాగీర్ల రద్దు రెగ్యులేషన్‌తో సంస్థానాల పెత్తనం ముగిసింది. రాజావారికి కట్టే శిస్తు సర్కారు ఖజానాకు మళ్లింది. అటు బిహార్‌లో భూసంస్కరణల చట్టంపై జమీందార్లు కోర్టుకెక్కి, 1951 మార్చిలో పట్నా హైకోర్టులో గెలిచారు. దాంతో నెహ్రూ ప్రభుత్వం ఆ ఏడాదే మొదటి రాజ్యాంగ సవరణ తెచ్చి, 13 చట్టాలను కోర్టులకు అందకుండా తొమ్మిదో షెడ్యూలులో పెట్టింది. అందులో పన్నెండోది మన జాగీర్ల రద్దు రెగ్యులేషనే. రైతు తరఫున ఆనాడు ఆ పని చేయడం న్యాయమే.

కానీ ఆ రక్షణ రైతు దగ్గరే ఆగలేదు. జాబితా 284 చట్టాలకు పెరిగింది. ఎమర్జెన్సీలో విచారణ లేకుండా జనాన్ని జైల్లో పెట్టడానికి వాడిన మీసా చట్టాన్ని కూడా అందులోకే చేర్చారు. 1978లో 44వ సవరణ దాన్ని తీసేసింది. భూమి పంచడానికి వేసిన తాళంతోనే మనుషుల్ని బంధించారన్నమాట.

ఇలాంటి ప్రమాదానికి జర్మనీ ముందే అడ్డుకట్ట వేసుకుంది. హిట్లర్ అనుభవంతో 1949 నాటి రాజ్యాంగంలోనే మానవ గౌరవాన్ని, ప్రజాస్వామ్యాన్ని ఎంత మెజారిటీ ఉన్నా మార్చకూడదని రాసుకున్నారు. హక్కుకు భంగం కలిగితే, ఇతర కోర్టుల్లో దారులు మూసుకుపోయాక, పౌరుడు కార్ల్‌స్రూహేలోని రాజ్యాంగ న్యాయస్థానానికి ఫీజు లేకుండా ఫిర్యాదు చేసుకోవచ్చు. బ్రిటన్‌లో పార్లమెంటు చట్టాన్ని కోర్టు కొట్టేయలేదు. అయినా 2019లో ప్రధాని పార్లమెంటును నిలిపేస్తే అది చెల్లదని సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చింది.

మన రాజ్యాంగంలో మార్చరానివి ఇవీ అన్న జాబితా లేదు. న్యాయమూర్తులే కేసు కేసుకూ గీత గీసుకుంటూ వచ్చారు. 1967లో గోలక్‌నాథ్ కేసులో, 6-5 మెజారిటీతో, ప్రాథమిక హక్కులను పార్లమెంటు తగ్గించలేదన్న తీర్పుకు నాయకత్వం వహించింది తెలుగువాడైన కోకా సుబ్బారావు. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో, 7-6 తీర్పుతో, రాజ్యాంగ ‘మౌలిక స్వరూపాన్ని’ పార్లమెంటు మార్చలేదన్న సిద్ధాంతం నిలబడింది. ఆ ఏడుగురిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన పి. జగన్‌మోహన్ రెడ్డి ఒకరు. ఒక్క ఓటు అటుపోతే ఏమయ్యేదో ఊహించడానికే భయమేస్తుంది. 2007లో ఐ.ఆర్. కొయెల్హో కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఒకే మాట చెప్పారు: ఆ ఏప్రిల్ 24 తర్వాత షెడ్యూలులో చేరిన ఏ చట్టాన్నయినా మౌలిక స్వరూపం గీటురాయిపై పరీక్షించవచ్చు.

అందుకే 42 శాతం బిల్లులను అక్కడ పెట్టినా కోర్టు ప్రశ్న తప్పదు. 1994లో షెడ్యూలులో చేరిన తమిళనాడు 69 శాతం చట్టం కూడా సుప్రీంకోర్టులో సవాలును ఎదుర్కొంది. ఇక్కడ స్థానిక సంస్థల్లో బీసీలకు 42 శాతం ఇస్తూ తెచ్చిన జీవో 9పై 2025 అక్టోబరు 9న హైకోర్టు స్టే ఇచ్చింది. డిసెంబరులో పంచాయతీ ఎన్నికలు మొత్తం రిజర్వేషన్లకున్న 50 శాతం పరిమితిలోనే జరిగాయి. ఆ పరిమితినే సుప్రీంకోర్టులో నేరుగా సవాలు చేయాలి. ఇంటింటి సర్వే తేల్చిన 56.33 శాతం బీసీ జనాభా వాటాను గోపాల్‌పేట లాంటి ఒక్కో మండలంలో ఎవరు సర్పంచులయ్యారు, ఎవరు కాలేకపోయారు అన్న లెక్కతో కలిపి ధర్మాసనం ముందుంచాలి. ప్రభుత్వం ఆ కసరత్తు ఇప్పుడే మొదలుపెట్టాలి.