మా మసీదు మీకు సెట్టింగా?

హైదరాబాద్ నుంచి నాటకం చదువుకుంటున్న పిల్లలు కొందరు మా దగ్గరికొచ్చారు. చేవెళ్ల, మొయినాబాద్ వైపు పాతకాలపు మసీదొకటి చూపించమన్నారు. స్టేజీ వద్దట. కట్టడమే స్టేజీ అట. చూసేవాళ్లని ఆ గోడల మధ్య నడిపిస్తూ ఆడతారట. ఆలోచన బాగుంది. స్క్రిప్టు చదివాం. నవాబు, బేగం, గజల్, అత్తరు, దీపాలు. అంతే.

మరి మేమెక్కడ? పంక్చర్లేసే సాయిబు, దూదేకుల తాత, లోబాన్ పొగ పట్టుకుని దుకాణం దుకాణం తిరిగే ఫకీరు, ఎవరూ లేరు. మగ్రిబ్ నమాజు కాగానే బిడ్డకి ఊదించుకుందామని మసీదు మెట్ల దగ్గర నిలబడే గొల్ల, మాదిగ తల్లులూ లేరు. గోల్కొండ సౌండ్ అండ్ లైట్ షోలో రాజుల కథలు విన్నాం, చాలు. ముస్లిమంటే మీకింకా నవాబేనా? మా ఇళ్లల్లో ఏ నవాబూ పుట్టలేదు.

ఇటు మా పెద్దలు. ‘మసీదులో నాటకమా? తౌబా!’ అన్నారు. నమాజు చదివే చోట ఆడొద్దంటే ఒప్పుకుంటాం. అది అదబ్. నాటకమే మనది కాదంటే మాత్రం ఒప్పుకోం. మొహర్రంలో పీర్ల కొట్టం ముందు జరిగేదేంటి? అలాయి గుండం చుట్టూ ఊరంతా ఆడుతుంది. చాలా ఊళ్లలో పీరునెత్తుకునేది హిందువే. కర్బలా దుఃఖాన్ని తెలుగులో పాడేదీ వాళ్లే. స్టేజీ లేని ఆట మా ఊళ్లకి ఎవరో కొత్తగా నేర్పాలా? బిద్‌అత్ అని దాన్ని మనమే తోసేస్తే ఊరితో ఉన్న దారం మన చేత్తో మనమే తెంపుకున్నట్టు.

ఇంకో మాట. 2024 జూలైలో ఇదే మొయినాబాద్ మండలం చిలుకూరులో ఒక పాత మసీదుని కూల్చేశారు. జంట చెరువుల కోసం 1996లో 111 జీవో తెచ్చి 84 గ్రామాల్లో కట్టడాల మీద ఆంక్షలు పెట్టారు. 2022లో వాటిని ఎత్తేస్తామంటూ 69 జీవో ఇచ్చారు. భూమి ధర కోట్లు పలికేచోట పాత గోడకి విలువేముంటుంది? ఈ రోడ్డు పక్క మర్రిచెట్ల కోసం నగరం వాళ్లు గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. మంచి పని చేశారు. ఆ మసీదు కోసం మా మొహల్లాల బయట ఎన్ని గొంతులు లేచాయి? నిలబడి ఉంటే వారసత్వం, కూలిపోతే మా మతం గొడవా?

పిల్లలకి మేం చెప్పిందిదే. ఆడండి. ముందు ముతవల్లి పక్కన కూర్చుని మాట్లాడండి. నాలుగు జుమ్మాలకొచ్చి వాకిట్లో నిలబడి చూడండి. లోపలి గది వదిలి సహన్‌లో ఆడండి. గోడకి మేకు కొట్టొద్దు. అజాన్ వినిపిస్తే ఆపండి. మసీదు గడప దాటనివ్వని మా అమ్మీలని ముందు వరసలో కూర్చోబెట్టండి. ఈ మాట మా పెద్దలకి కూడా. పాత్రలు దక్కనీలో, తెలుగులో మాట్లాడాలి. ‘హౌ’, ‘నక్కో’ అనిపించి నవ్వించే సాయిబు వేషం మాకొద్దు.

చిలుకూరులో కూలిన మసీదు కథ ఆడతారా? తాళంచెవి మేమే అడిగి తెస్తాం. నవాబు కథే ఆడతామంటే మీ దీపాలు మీరు పట్టుకుపోండి. చీకట్లో నమాజు చదవడం మాకలవాటే.