రెండో కాపీ ఎవరికి?

నవంబరు వస్తే చాలు, ఒకే ప్రశ్న నాకు నాలుగైదు వైపుల నుంచి వస్తుంది. "మావాడికి ట్రావెలింగ్ అంటే పిచ్చి, ఫోటోలు కూడా బాగా తీస్తాడు. బర్త్‌డేకి ఏం కొనివ్వమంటావ్?" మాది వాకాడు. నేలపట్టు, పులికాట్ మాకు దగ్గర. మెడలో కెమెరాలు వేసుకుని కార్లు దిగేవాళ్ళని చిన్నప్పట్నుంచీ చూస్తూనే ఉన్నాను. కాబట్టి నాకు తెలుసుంటుందని వాళ్ళ నమ్మకం. తెలిసింది చెప్తే మాత్రం మొహం మాడ్చుకుంటారు. కొత్తగా ఏ వస్తువూ కొనొద్దంటాను మరి.

వాళ్ళు అడిగే ముందే ఒక జాబితా చదివేసి ఉంటారు. లెన్స్ ఆకారంలో కాఫీ మగ్గు, వెళ్ళొచ్చిన దేశాలని గోటితో గీకే ప్రపంచపటం, దిక్సూచి బొమ్మేసిన తోలు డైరీ, కొంచెం డబ్బున్నవాళ్ళయితే డ్రోను. లెన్స్ మగ్గు సంగతి నాకెప్పటికీ అర్థం కాదు. వంట బాగా చేసే మనిషికి గరిట ఆకారంలో చెప్పులు కొనిస్తామా? ఇవేవీ ఆ మనిషికిచ్చే బహుమతులు కావు. 'ట్రావెలర్' అని మనం అతని నుదుటి మీద అంటించిన చీటీకి ఇచ్చేవి. నిజంగా ఫోటోలు తీసే మనిషికి ఏ స్ట్రాప్ భుజం కోస్తుందో, ఏ బ్యాగు జిప్పు ఇసకలో పట్టేస్తుందో తెలుసు. తనకి కావల్సింది తనే ఎప్పుడో కొనుక్కుని ఉంటాడు. మీరిచ్చింది అటక మీదికి పోతుంది.

అటక మీదికి పోయేవాటితో నాకు గొడవ లేదు. వాడేవాటితోనే నా గొడవంతా.

డ్రోనునే తీసుకుందాం. నేలపట్టు చెరువులో నీళ్ళలో నిలబడ్డ బారింగ్టోనియా చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కడతాయి. అక్టోబరు నుంచి మొదలుపెట్టి, పిల్లల్ని పెంచి, వేసవి ముదిరేలోపు వెళ్ళిపోతాయి. నత్తగుల్ల కొంగలూ వాటి పక్కనే కాపురం. ఈ చెరువు 1976లో అభయారణ్యం అయింది గానీ, పక్షులు వచ్చి కూర్చోడానికి ఆ ఉత్తర్వు కోసం ఎదురుచూడలేదు. రెట్టలు కలిసిన ఆ నీళ్ళు మళ్ళకి బలమని నమ్మిన రైతులు వాటి జోలికి పోలేదు. ఆ గూళ్ళ మీదికి గుయ్యిమంటూ ఒక యంత్రం వస్తే పెద్ద పక్షి లేచిపోతుంది. అది తిరిగొచ్చే లోపల కాకి వస్తుంది. ఆ వీడియోలో మీకు కనపడేది రెక్కలు విప్పి గుంపుగా లేస్తున్న పక్షులు, కింద మెరిసే నీళ్ళు, వెనక ఫ్లూటు. లైకులు బాగానే వస్తాయి. అవి ఎందుకు లేచాయని అడిగినవాడు ఒక్కడూ ఉండడు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 'వేట' అనే మాటకి ఇచ్చిన నిర్వచనం ఒకసారి చదవండి. తుపాకీ, వల, ఉచ్చు ఒక్కటే కాదు, పక్షుల గుడ్లనీ గూళ్ళనీ కలవరపెట్టడం కూడా అందులోనే ఉంది. అభయారణ్యంలో ఫోటోలు తీయడానికి అనుమతి తీసుకోవాలని కూడా అదే చట్టం చెప్తుంది. ఇక శ్రీహరికోట రాకెట్ కేంద్రం చుట్టుపక్కల డ్రోను ఎగరేయడమంటే కోరి పోలీసులని పిలుచుకోవడమే. 2021లో డ్రోన్ల నిబంధనలు వచ్చాక ఎక్కడ ఎగరేయొచ్చో, ఎక్కడ కూడదో మ్యాపుతో సహా చూసుకోవచ్చు. గిఫ్ట్ ప్యాకెట్లో ఆ మ్యాపు పెట్టి ఇచ్చినవాళ్ళని నేనింతవరకు చూళ్ళేదు.

"అయితే కొనిచ్చినవాళ్ళదా తప్పు? ఎగరేసినవాడిది కదా!" అని మీరనొచ్చు. అవును, వాడిదే. కానీ బహుమతి ఊరికే ఉండదు. ఇచ్చినవాళ్ళు మళ్ళీ కనపడితే "వాడావా?" అని అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్న కోసం వాడాల్సి వస్తుంది. రెండు కిలోల టెలిఫోటో లెన్స్ ఇచ్చారనుకోండి, ఆ బరువుకి తగ్గ పక్షిని తేవాలి. వస్తువు మనిషిని తోస్తుంది.

పక్షుల సంగతి ఇంతటితో ఆపుతాను. వాటి తరఫున మాట్లాడేవాళ్ళు కొంతమందైనా ఉన్నారు. సూళ్ళూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్ పెట్టి మంత్రుల్ని కూడా పిలుస్తారు. నేను మాట్లాడాలనుకున్నది ఫోటోల్లో ఉండే మనుషుల గురించి.

తూపిలిపాలెం వైపున్న ఒక పాలెంలో ఒక అవ్వ ఉండేది. తెల్లారకముందే వలల దగ్గరికొచ్చి కూర్చునేది. పడవ ఒడ్డుకొస్తే పీతల్ని వేరుచేసేది. వచ్చిన ప్రతి కెమెరా ముందు ఆమె దగ్గరే ఆగేది. ఎందుకాగదు? ఆ ముఖం అట్టాంటిది. కొన్నేళ్ళ తర్వాత హైదరాబాదులో ఒక ప్రదర్శనలో గోడ మీద ఆ ముఖమే చూశాను, నా చెయ్యంత పొడుగు ఫ్రేములో. కింద 'కాలం గీసిన గీతలు' అని పేరు. ఊరు లేదు, మనిషి పేరు లేదు. అవ్వ పోయినప్పుడు ఇంట్లో పెట్టుకోడానికి ఒక్క ఫోటో లేదు. కొడుకులు ఆధార్ కార్డు పట్టుకుని గూడూరు స్టూడియోకి పోయారు. తపాలా బిళ్ళంత బొమ్మని పెద్దది చేసి, వెనక నీలం రంగు పూసి, దండ వేశారు. ఆధార్ ఫోటోల్లో మనం ఎట్టా ఉంటామో మీకు చెప్పక్కర్లేదు. ఆ ప్రదర్శన పెట్టినాయనకి నేను మెయిల్ రాశాను. ఫైలు ఇవ్వడం కుదరదని, ప్రింటు కావాలంటే లిమిటెడ్ ఎడిషన్ ధర ఇదని మర్యాదగానే జవాబొచ్చింది.

ఆయన పేరు నేను చెప్పను. ఆయన ఒక్కడే అయితే చెప్పేవాణ్ణేమో.

ఇది పాత రోగం. మద్రాసు మ్యూజియం నడిపిన ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో దక్షిణ భారత కులాల మీద ఏడు సంపుటాలు అచ్చేశాడు. అందులో మా వైపు యానాదులు కూడా ఉన్నారు, ఫోటోలతో. ఫోటో కింద కులం పేరు ఉంటుంది, మనిషి పేరు ఉండదు. అమెరికాలోనూ అంతే. 1936లో డొరోతియా లాంగ్ కాలిఫోర్నియాలో తీసిన 'మైగ్రంట్ మదర్' ఫోటో తెలియనివాళ్ళు తక్కువ. అందులో ఉన్నావిడ పేరు ఫ్లారెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో. కాపీ పంపిస్తానని ఆ రోజు చెప్పారని, పంపలేదని ఆవిడ ఫిర్యాదు. నలభై రెండేళ్ళు! వచ్చి, కావల్సింది తీసుకుని పోవడం మా తీరానికైతే ఇంకా పాత అలవాటు. మా మండలంలోని దుగరాజపట్నంలో ఈస్టిండియా కంపెనీ 1620లలోనే గిడ్డంగి పెట్టుకుంది, ఆర్మగాన్ అని పిలుచుకుంది. అక్కడ పనిచేసిన ఫ్రాన్సిస్ డే 1639లో మద్రాసు చూసుకున్నాక ఆర్మగాన్ మొహం చూసిన కంపెనీవాడు లేడు. ఇదంతా కెమెరాలవాళ్ళ మీదికి తోయడం అన్యాయమే, ఒప్పుకుంటాను. మా ఊరివాడి కోపానికి కొంచెం దారివ్వండి.

ఇంకో మాట కూడా నిజం. ఫోటోలే లేకపోతే నేలపట్టు అనే పేరు బెంగుళూరులో ఎవడికి తెలిసేది? పులికాట్‌లో నీళ్ళు తగ్గుతున్నాయంటే పట్టించుకునే నలుగురూ ఆ ఫోటోలు చూసినవాళ్ళే. నేను ఫోటోలు తీయొద్దనడం లేదు. తీసింది ఒకసారి వెనక్కి తీసుకురమ్మంటున్నాను. గిఫ్టు కొనేవాళ్ళతో నాకు పని పడేది అక్కడే.

ప్రయాణం చేసే మనిషికి స్నేహితుడు ఇవ్వగలిగిన గొప్ప బహుమతి తెలుగులో ఎప్పుడో ఇచ్చారు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, దారి పొడుగునా చూసిందంతా రాసి కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళైకి పంపేవాడు. పిళ్ళై ఆయనకి కొత్త పల్లకీ కొనిచ్చాడో లేదో గానీ, ఆ రాతల కోసం ఎదురుచూశాడు, దాచాడు, వీరాస్వామయ్య పోయాక 1838లో అచ్చు వేయించాడు. 'కాశీయాత్ర చరిత్ర' ఇవాళ మన చేతిలో ఉందంటే ఆ స్నేహితుడి పుణ్యమే.

మీ స్నేహితుడి హార్డ్ డిస్క్‌లో నలభై వేల ఫోటోలుంటాయి. వాటిని వాడు కూడా మళ్ళీ చూడలేదు. ఒక ఆదివారం వాడి పక్కన కూర్చోండి, చాయ్ మీరే పెట్టండి. మనుషులున్న ఫోటోలు వేరు చేయమనండి. వందో నూటయాభయ్యో తేల్తాయి. వాటిని ప్రింటు వేయించండి, ప్రతిదీ రెండు కాపీలు. ఒకటి వాడికి. రెండోది ఫోటోలో ఉన్నవాళ్ళకి. చిన్న సైజు ప్రింటు ఒకటి ఇరవై రూపాయల్లోపే అవుతుంది, మీరు చూసుకుంటున్న డ్రోను ధరకి వేలల్లో వస్తాయి. లామినేషన్ మాత్రం తప్పకుండా చేయించండి. మా ఉప్పుగాలికి మామూలు ప్రింటు రెండు వర్షాకాలాలు ఆగదు, అద్దానికి అతుక్కుపోతుంది. తర్వాత గూడూరుకో నాయుడుపేటకో రైలు టికెట్లు రెండు తీయండి. మీరూ వెళ్ళండి. పడవవాడికి ఒక పూట కూలి ముందే ఇవ్వండి, ఫోటో కోసం కాదు, వాడి పూట పాడుచేస్తున్నందుకు.

వస్తువు ఇవ్వకపోతే మనసొప్పదు అనేవాళ్ళుంటారు. సరే, బైనాక్యులర్స్ కొనండి. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపించేవి, ముందు అద్దం 42 మిల్లీమీటర్లున్నవి చాలు. నేలపట్టులో కట్టిన టవరు ఎక్కి వాటితో చూస్తే గూటిలో పిల్ల తల్లి గొంతుసంచిలోకి తల దూర్చి తినడం కనపడుతుంది. పోస్ట్ చేయడానికి ఏమీ ఉండదు కాబట్టి కాసేపు ఎక్కువే చూస్తాం. ఇంకా గాడ్జెట్టే కావాలంటే జేబులో పట్టే ఫోటో ప్రింటరు ఒక్కదానికి నేను ఓటేస్తాను. ఫిల్ము ఖరీదే, కానీ బొమ్మ అక్కడికక్కడే చేతిలో పడుతుంది. మళ్ళీ రావడం, పంపిస్తాననడం, మర్చిపోవడం, ఏదీ ఉండదు.

"అన్నా, ఇదంతా బాగానే ఉంది గానీ గిఫ్టంటే సరదాగా ఉండాలి కదా, ఇంత బరువేంది?" అని ఒక కుర్రాడు నన్ను అడిగాడు. తన ఫోటో తన చేతిలో పడ్డప్పుడు పాలెంలో ఎంత గోల ఉంటుందో వాడికి తెలీదు. పైట సర్దుకోలేదని ఒకామె తిడుతుంది. పక్కనోడు సగమే పడ్డాడని గొడవ. పదిమంది పిల్లలు ఇంకొకటి తీయమని మీద పడతారు. అంత సరదా ఏ మగ్గులోంచీ రాదు.

"ఎప్పుడో తీసింది, ఎవరో ఏమిటో తెలీదు, ఎవరికని ఇస్తాం?" అన్నది నాకు ఎక్కువగా వచ్చే సాకు. పాలెంలో దిగగానే టీకొట్టు ఉంటుంది. ఫోటో బల్ల మీద పెట్టి టీ చెప్పండి. గ్లాసు వచ్చే లోపల ఎవరో ఒకరు తొంగిచూసి, ఇది ఫలానా వాళ్ళ రెండో కోడలు కదా, పొద్దున్నే కోటకి పోయింది, మధ్యాన్నం బస్సుకి వస్తుంది, కూర్చోండి అంటారు.