నాయకత్వం ఒక అమానతు

పుంగనూరు నుండి ప్రతి ఉదయం మదనపల్లె బస్సెక్కే మన విద్యార్థులలో కొందరు తమ కుటుంబంలో కళాశాల గడప తొక్కిన మొదటి తరం వారు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, తరగతిలో ఇంగ్లీషు. ఈ మూడింటి నడుమ మాట తడబడి, వారు వెనుక బల్లలకు చేరుకుంటారు. “నాయకత్వం మనవంటి వారికి ఎక్కడిది?” అని తల్లిదండ్రులు సైతం సరిపెట్టుకుంటారు. ఈ నిరాశ తగదని మా మనవి.

నాయకత్వమంటే వేదిక, మైకు, పూలదండ అనే అపోహ నుండే ఈ నిరాశ పుడుతుంది. ఇస్లాం దృష్టిలో అది అమానతు. ప్రతి మనిషీ ఒక కాపరియేననీ, తన సంరక్షణలో ఉన్నవారిని గురించి అతడు జవాబు చెప్పుకోవలసి ఉంటుందనీ దైవప్రవక్త (సఅసం) బోధించారు. పదవిని కోరి అడగవద్దని అబ్దుర్రహ్మాన్ బిన్ సముర (రజి)కు ఉపదేశించారు.

దైవదౌత్యానికి దాదాపు 20 ఏళ్ల పూర్వం మక్కాలో జరిగిన సంఘటనను గమనించండి. యమన్ వర్తకుని సరుకు తీసుకున్న ఒక ఖురైష్ పెద్ద సొమ్ము చెల్లించలేదు. పరదేశి మొరను ఆలకించిన కొన్ని తెగలవారు అబ్దుల్లాహ్ బిన్ జుద్ఆన్ ఇంట సమావేశమై, బాధితుడు ఎవరైనా అతని పక్షాన నిలుస్తామని ప్రమాణం చేశారు. అదే హిల్ఫుల్ ఫుజూల్. ఆ ప్రమాణంలో యువకుడైన ముహమ్మద్ (సఅసం) పాల్గొన్నారు. అప్పుడు ఆయనకు ఏ పదవీ లేదు. తదనంతర కాలంలోనూ, అటువంటి ఒప్పందానికి పిలుపు వస్తే స్పందిస్తానని ఆయన అన్నారు.

మన తెలుగు నేలకు సంబంధించిన నిదర్శనం కూడా ఉంది. డాక్టర్ జాకిర్ హుసేన్ 1897లో హైదరాబాదులో జన్మించారు. 1920 అక్టోబరులో అలీగఢ్‌లో జామియా మిల్లియా ఇస్లామియాకు పునాది వేసిన విద్యార్థులు, అధ్యాపకుల బృందంలో 23 ఏళ్ల వయసులో ఆయన ఉన్నారు. 1926లో జర్మనీ నుండి తిరిగివచ్చేనాటికి ఆ సంస్థ నిధులు లేక కొట్టుమిట్టాడుతోంది. ఆయన, ఆయన సహచరులు స్వల్ప వేతనానికే 20 ఏళ్లు సేవ చేస్తామని మాట ఇచ్చి దానిని నిలబెట్టారు. రాష్ట్రపతి పదవి ఆయనను వరించింది 1967లో. అంటే, బాధ్యతను భుజానికెత్తుకున్న 47 ఏళ్లకు!

కనుక ప్రియ విద్యార్థులారా, ఎన్నికల కోసం ఎదురుచూడకండి. ఉపకార వేతనం దరఖాస్తు నింపడం తెలియక గడువు దాటబెట్టుకునే తోటి విద్యార్థి మీ తరగతిలోనే ఉండవచ్చు. అతని పక్కన కూర్చొని ఆ పని పూర్తి చేయించండి. అతడు ఏ మతస్థుడని చూడకండి. హిల్ఫుల్ ఫుజూల్ బాధితుని తెగను అడగలేదు. నలుగురితో సంప్రదించి పని చేయండి. ఒప్పుకున్న సమయానికి హాజరుకండి. పొరపాటు జరిగితే ఇతరులపై నెట్టకండి. పేరు వస్తే పంచుకోండి.

తల్లిదండ్రులకు ఒక మాట. ఇంటి సరుకుల లెక్క, నానమ్మ మందుల వేళ, తమ్ముడి చదువు. వీటిలో ఒకదానిని పూర్తిగా బిడ్డకు అప్పగించండి. కుమారునికే కాదు, కుమార్తెకు కూడా. ఇంట్లో ఏ భారమూ మోయని వారు సమాజ భారాన్ని మోయలేరు.

మన సంతానాన్ని అమానతు నిలబెట్టుకునే వారిగా అల్లాహ్ తీర్చిదిద్దుగాక! ఆమీన్.