ఇంటి కాపలాకు తుపాకీ కొనవచ్చునా?



దొంగతనం మాట ఊళ్ళో వినిపించినప్పుడల్లా "గురి తప్పని చేతి తుపాకీ ఏది? ఒకటి కొనిపెట్టుకుంటే మంచిది గదా?" అని మమ్మును అడిగేవారున్నారు. ధారూర్ చుట్టుప్రక్కల పొలాల్లో ఒంటరిగా ఇండ్లున్నవారికి ఆ భయం సహజమే. ఇంటివారిని కాపాడుకోవడం మన బాధ్యత కూడా. కాబట్టి ఈ సంగతి నిదానంగా ఆలోచించుదాం.

మొదట చట్టం. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు తప్పనిసరి, 21 ఏండ్లు నిండాలి. పోలీసు విచారణ జరుగుతుంది. 2016 నిబంధనల ప్రకారం ఆయుధం వాడకంలో, భద్రపరచడంలో శిక్షణ పొందాలి. లైసెన్సు లేకుండా దాచుకుంటే, 2019 సవరణ తరువాత, కనీసం 2 ఏండ్ల జైలుశిక్ష.

ఇక ఎంపిక. మన దేశంలో లైసెన్సుదారులు ఎక్కువగా ఎరిగినది కాన్పూరులో తయారయ్యే పాయింట్ 32 రివాల్వరు. అందులో 6 తూటాలు పడతాయి. 2014లో స్త్రీలను ఉద్దేశించి "నిర్భీక్" అనే రివాల్వరు తెచ్చారు. బరువు సుమారు 500 గ్రాములు. తేలికైనది మోయడానికి సుఖమే గాని పేల్చినప్పుడు చేతిలో ఎక్కువగా ఎగురుతుంది. గొట్టం పొట్టిదైతే గురి చూసే ముందు, వెనుక గుర్తులు దగ్గరవుతాయి; కొద్దిపాటి తేడాకే తూటా ప్రక్కకు పోతుంది. పిడి చేతికి అమరాలి. ట్రిగ్గరు నొక్కేటప్పుడు చేయి కదలకూడదు. పట్టి చూడకుండా కొనరాదు.

అయినా గురి ఎక్కువగా సాధనను బట్టి ఉంటుంది. హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్తోలు పోటీలో వెండి పతకం గెలిచింది. దాని వెనుక ఏండ్ల అభ్యాసం ఉన్నది. అదీ మంచి వెలుగులో, కదలని గురి మీద. అర్ధరాత్రి నిద్రలేచి, వణికే చేతులతో, చీకట్లో కాల్చేవారి గురి ఎట్లుండునో ఆలోచించండి. తలుపు దగ్గరున్నది దొంగయో, ఆలస్యంగా వచ్చిన మన కుమారుడో! ఆత్మరక్షణ హక్కు చట్టంలో ఉన్నది గాని, అవసరానికి మించి హాని చేసే హక్కు లేదు.

చిక్కు మరొకటి. పిల్లలున్న ఇంట్లో తుపాకీని, తూటాలను వేరువేరుగా తాళం వేసి ఉంచాలి. అట్లుంచితే ఆపదలో వెంటనే చేతికి రాదు. దిండు క్రింద పెడితే పసివాడి చేతికి దొరుకుతుంది. నవంబరు జాతరకు ఇంటిల్లిపాదీ వచ్చినప్పుడైతే బీరువాలోని తుపాకీ ఇంటిని కాపాడదు. దొంగకు అదే దొరుకుతుంది.

అందుచేత ఎక్కువ కుటుంబాలకు మా సలహా: గట్టి గడియ, వాకిట్లో దీపం, ఒక కుక్క, పిలిస్తే పలికే ఇరుగుపొరుగు. ఊరికి వెళ్ళేటప్పుడు పోలీసు స్టేషనులో తెలియజేయండి. ఆపదలో 112కు ఫోను చేయండి.

నిజంగా ప్రాణభయం ఉన్నవారు లైసెన్సు పొంది, షూటింగ్ రేంజిలో శిక్షకుని యొద్ద క్రమంగా నేర్చుకోండి. అయితే ఇంట్లో త్రాగుడు గాని, పట్టరాని కోపం గాని, బ్రతుకు మీద విసుగు చెందినవారు గాని ఉంటే, తుపాకీని గడప దాటనీయకండి. దొంగ ఎప్పుడో ఒక రాత్రి రావచ్చు, రాకపోవచ్చు. తుపాకీ మాత్రం ప్రతి రాత్రీ ఆ ఇంట్లోనే ఉంటుంది.