లీకు పట్టే చిట్టి దీపం

అటక మీది నుంచి తాతగారి వాల్వు రేడియో దిగిందంటే ఇంటిల్లిపాదికీ ఒకటే ఆత్రం... ప్లగ్గు పెట్టి స్విచ్చి వేసేద్దామని! చిక్కంతా అక్కడే. ఆ రేడియోల్లో ఉండేవి మైనం పట్టించిన కాగితం కెపాసిటర్లు. ఏళ్లు గడిచేకొద్దీ వాటిలో చెమ్మ చేరుతుంది.

పాటను పోనిచ్చి, డీసీ కరెంటును ఆపడం కెపాసిటర్ పని. ఔట్‌పుట్ వాల్వు ముందున్న కెపాసిటర్ లీకయితే పాజిటివ్ వోల్టేజి గ్రిడ్ మీదికి చేరుతుంది. వాల్వు అదుపు తప్పి కరెంటు గుంజేస్తుంది. వాల్వుతోపాటు ట్రాన్స్‌ఫార్మరూ కాలిపోవచ్చు.

మల్టీమీటర్‌తో చూస్తే సరిపోదా? అది పరీక్షించేది కొద్ది వోల్టులతోనే. చాలా లీకులు ఎక్కువ వోల్టేజి దగ్గరే బయటపడతాయి.

అందుకో చిన్న సాధనం. కరెంటు చూసే స్క్రూడ్రైవర్ టెస్టర్లో ఉంటుందే, ఆ నియాన్ బల్బు చాలు. 9 వోల్టుల బ్యాటరీలు 12 వరసగా కలిపితే 108 వోల్టులు. బ్యాటరీల పక్కనే 1 మెగోమ్ రెసిస్టర్, దాని తర్వాత బల్బు, చివర రెండు వైర్లు. అన్నింటినీ ప్లాస్టిక్ డబ్బాలో బిగించాలి. వైర్ల కొసలు ఒకదానికొకటి తాకిస్తే బల్బు వెలగాలి.

రేడియో ప్లగ్గు తీసి, లోపల నిల్వ ఉన్న చార్జి పోయాక, కెపాసిటర్ కాలు ఒకటి ఊడదీసి వైర్లు తగిలించండి. కాస్త నీడలో చూడండి. ఒక్కసారి మెరిసి ఆరితే మంచిదే. ఉండుండి మెరుస్తుంటే లీకు. ఆరకుండా వెలుగుతుంటే బాగా పాడైనట్టు. అసలు మెరవకపోతే లోపల తెగి ఉండొచ్చు. మరీ చిన్న కెపాసిటర్లకు మాత్రం మెరుపు కంటికి ఆనదు. ఎలక్ట్రోలైటిక్ రకానికి ఈ పరీక్ష పనికిరాదు. వాటిలో కొద్దిపాటి లీకు సహజమే.

పరీక్షయ్యాక 100 కిలోఓమ్ రెసిస్టర్‌ను కెపాసిటర్ కాళ్లకు ఆనించి చార్జి తీసేయాలి. బ్యాటరీలే కదా అని అలుసు వద్దు, 108 వోల్టులు షాక్ కొడతాయి. పిల్లలు పెద్దల పక్కనే చేయాలి.

లీకు తేలిన చోట అదే విలువ, అంతకు తగ్గని వోల్టేజి ఉన్న పాలియెస్టర్ కెపాసిటర్ వేస్తే సరి. ఆ తర్వాతే స్విచ్చి. తొందరపడి వేస్తే తాతగారి రేడియో పాటకు బదులు పొగ వదులుతుంది మరి!